పిల్లల తొలి కృతజ్ఞతా కవితకు ప్రాస నియమం అవసరమా?

పద్యప్రియ: ఆరేడేళ్ల పిల్లల చేత కృతజ్ఞతా కవితలు రాయించేటప్పుడు, ధన్యవాదాల జాబితా రాయించి దానినే కవిత అని మెచ్చుకోవడం ఎక్కువైంది. మొదటి కవిత నుంచే అంత్యప్రాస, పాదానికి సమానమైన మాత్రలు అలవాటు చేయాలని నా నిశ్చితాభిప్రాయం. మాత్ర అంటే పలికే కాలపు కొలత; లఘువుకు (పొట్టి అక్షరానికి) ఒక మాత్ర, గురువుకు (సాగదీసి లేదా ఒత్తి పలికే అక్షరానికి) రెండు అని చప్పట్లతో చెబితే ఆ వయసు పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. నడక లేనిదాన్ని ఉత్తరం అనవచ్చు గాని కవిత అనలేము.

బాలవాణి: చప్పట్లతో లయ నేర్పడాన్ని నేను కాదనను. అయితే రాయడానికి కూర్చున్న పిల్లలకు ప్రాస షరతు పెడితే, చెప్పదలచుకున్నది వదిలేసి ప్రాస కుదిరే మాట కోసం వెతుకుతారు. నా తరగతిలో ఒక బాబు, "తాతయ్య నా బూటు లేసు కట్టేటప్పుడు నా కాలు తన మోకాలి మీద పెట్టుకుంటాడు" అన్నాడు. ప్రాసతో రాయమనగానే "తాతయ్య ఎంతో మంచివాడు, నన్ను ప్రేమగా పెంచినవాడు" అని రాసి తెచ్చాడు. ఆ మోకాలు ఎటు పోయిందండీ? అమెరికన్ కవి కెన్నెత్ కోక్ 1968లో న్యూయార్క్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు కవిత్వం నేర్పడం మొదలుపెట్టినప్పుడు ప్రాస వద్దని, ప్రతి పంక్తినీ ఒకే మాటతో మొదలుపెట్టించారు.

పద్యప్రియ: పంక్తి పంక్తికీ తిరిగి వచ్చే మాట కూడా నియమమే కదా! నియమం అవసరమని మీరే ఒప్పుకున్నారు. తాతయ్య వాక్యం బాగుంది, కానీ అది వచనం.

చదువరి: గురజాడ వాడిన ముత్యాల సరం అనే ఛందస్సులో ప్రాస నియమం లేదు, మాత్రల నడక ఉంది. మీరిద్దరూ ప్రాసనూ లయనూ కలిపేస్తున్నారు.

నిర్మొహమాటం: ప్రాస గురించి ఇంత చర్చ దేనికి? కృతజ్ఞతను ఇంటిపనిగా ఇవ్వడమే నాకు అభ్యంతరం. నన్ను పెంచిన బంధువులను పొగుడుతూ గేయం రాసి, అందరి ముందు చదవమని చిన్నప్పుడు మా ఉపాధ్యాయుడు ఆదేశించారు. ఆ ఇంట్లో నేను తింటున్న దెబ్బల సంగతి ఆయనకు తెలుసు. నేను చదివాను, చప్పట్లు కొట్టారు. ఆ తరువాత నేను కవిత అన్నది రాయలేదు.

పద్యప్రియ: అది ఆ ఉపాధ్యాయుని తప్పు, ప్రాస తప్పు కాదు.

నిర్మొహమాటం: ప్రాస తప్పని నేను అన్నానా? నా మాట పూర్తిగా చదివి జవాబివ్వండి!

బాలవాణి: నిర్మొహమాటం గారి మాట నన్ను కూడా ఆపింది. అమెరికన్ మనస్తత్వవేత్త జెఫ్రీ ఫ్రో బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో 6, 7 తరగతుల పిల్లలు 221 మంది పాల్గొన్నారు. కృతజ్ఞత కలిగించిన సంగతులను రెండు వారాల పాటు రోజూ రాసినవారికి, చికాకులను రాసినవారి కన్నా బడి పట్ల ఎక్కువ సంతృప్తి కనిపించింది. అక్కడ ఫలానా వారికి కృతజ్ఞత చెప్పండని ఎవరూ నిర్ణయించలేదు, ఎంపిక పిల్లలదే. మనం మాత్రం అమ్మ, నాన్న, గురువు అని ముందే శీర్షిక ఇచ్చేస్తున్నాం.

పద్యప్రియ: అసలు విషయం ఇప్పటికి బయటపడింది. మీ ఇద్దరి దృష్టిలో ఆ కవిత పిల్లవాడి సొంత వ్యవహారం. నా దృష్టిలో అది మరొకరి చేతికి అందవలసిన కానుక. నేను ప్రాస కోసం పట్టుబట్టేది కూడా అందుకే: ఒకరి కోసం శ్రమపడి, కొట్టివేసి, మళ్లీ రాయడంలోనే గౌరవం ఉంది.

బాలవాణి: ఆ శ్రమ అక్షరాలు ఇంకా కుదురుగా రాయలేని చేతికి ఎందుకు? పిల్లలు చెబుతుంటే పెద్దవారు మాట మార్చకుండా రాసిపెట్టాలి, చదివి వినిపించాలి, "ఆయన ఇంకేం చేస్తారు?" అని ఒక్క ప్రశ్న అడగాలి. ఇవ్వాలా, దాచుకోవాలా అన్నది పిల్లలకే వదిలేయాలి.

నిర్మొహమాటం: ఇవ్వకపోయినా మార్కులు తగ్గవని ముందే చెబితే, నాకు అభ్యంతరం లేదు.

పద్యప్రియ: నాకు ఉంది. ఇష్టమైన మనిషిని పిల్లలే ఎంచుకోనివ్వండి, నిర్మొహమాటం గారి అనుభవం విన్నాక దానికి అడ్డు చెప్పను. కానీ ఎంచుకున్నాక ఆ కవిత ఆ మనిషికి చేరాల్సిందే. ప్రాస సంగతి రెండో తరగతి దాకా పక్కన పెడతాను.