మంగలి కత్తి ఏ కోణంలో పట్టాలి? చెంప మీద బాగుంది, దవడ కిందే తేడా

గోదారి_గడ్డం:
తాతయ్య పెట్టెలో సోలింగెన్ (కత్తులకు పేరున్న జర్మనీ ఊరు) ముద్ర ఉన్న పాత కత్తి దొరికింది, 5/8 సైజుది. సాన పట్టించి వాడుతున్నా. అందరూ 30 డిగ్రీలు అంటారు. అద్దం ముందు నిలబడి ముఖం మీద డిగ్రీలు ఎలా కొలుస్తాం? చెంప నున్నగానే వస్తోంది. మెడలోకి దిగేసరికి వెంట్రుకల్ని పీకుతోంది, కత్తి కాస్త లేపితే తెగుతోంది గానీ తర్వాత ఒకటే మంట. పటిక రాస్తే ప్రాణం పోతోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు:
కత్తే కొలబద్ద. 5/8 అంగుళం అంటే వెడల్పు దాదాపు 16 మి.మీ. సైన్ 30 విలువ సగం. కాబట్టి అంచు చర్మానికి ఆనినప్పుడు వెన్ను (అంచుకు ఎదురుగా ఉండే లావు వైపు) మధ్యభాగం 8 మి.మీ. ఎత్తులో ఉంటే 30 డిగ్రీలు వచ్చినట్టే. వెన్ను మందం 4 మి.మీ. అనుకుంటే, దాని కింద ఖాళీ ఆ మందానికి ఒకటిన్నర రెట్లు. ముందు కత్తిని చెంప మీద పూర్తిగా పడుకోబెట్టి, అక్కణ్ణుంచి వెన్ను లేపుతూ రండి. ఖాళీ రెండింతల మందం దాటిందంటే కత్తి కోయడం మాని గీకుతుంది.

కత్తెర_చప్పుడు:
మాస్టారూ, లెక్క బాగుంది గానీ అది చెంప వరకే. నాది వరంగల్‌లో సెలూన్. దవడ దగ్గర ముఖం వంపు తిరుగుతుంది, చెయ్యి మాత్రం వచ్చిన దారినే పోతుంది. మణికట్టు తిప్పకపోతే కోణం దానంతటదే మారిపోతుంది. అందుకే మేం దవడ కింద గీసేటప్పుడు రెండో చేత్తో చర్మాన్ని పైకి లాగి, మెడ చర్మాన్ని ఎముక మీదికి తెచ్చుకుంటాం. అప్పుడు అక్కడా చెంపలాగే చదును దొరుకుతుంది. ఇంకోటి, ఫ్యాన్ ఆపి చప్పుడు వినండి. సరసరమంటే వెంట్రుక తెగుతున్నట్టు. బరబరమంటే వెన్ను మరీ లేచింది. అసలు చప్పుడే లేకపోతే మీరు నురగ మాత్రమే తీస్తున్నారు.

బాబ్జీ_బ్లేడ్:
నాది సగం బ్లేడు పెట్టే రకం. దీనికి లావు వెన్నే లేదు, మాస్టారి లెక్క ఎలా పనిచేస్తుంది అన్నా?

కత్తెర_చప్పుడు:
పనిచేయదు తమ్ముడూ. మనిషికో కొత్త బ్లేడు పెట్టాలి కాబట్టి మేమూ దుకాణంలో అదే వాడతాం. అది తేలిక, బరువు లేదు కదా అని నొక్కుతారు, అక్కడే తెగుతుంది. అసలు కత్తికంటే కాస్త పడుకోబెట్టే పట్టు. పై పెదవి దగ్గర బ్లేడు మూలల్ని కనిపెట్టుకుని ఉండు, కోణం కంటే ఆ మూలలే ఎక్కువ గాట్లు పెడతాయి.

రైన్_ఒడ్డు:
నేనుండేది డ్యూసెల్‌డార్ఫ్, సోలింగెన్ ఇక్కడికి దగ్గరే. (ఆ ఊరి పేరు ఇష్టమొచ్చినట్టు కత్తుల మీద వేసుకోవడానికి వీల్లేదు, 1938 నుంచీ దానికి చట్టం ఉంది. బ్లేడ్ల మ్యూజియం కూడా ఉంది, కత్తుల పిచ్చి ఉన్నవాళ్లు తప్పక చూడాలి.) అసలు విషయానికొస్తే, నాకు మీ కోణం మీద అనుమానం లేదు, పదును మీద ఉంది. పడుకోబెడితే పీకుతోంది, లేపితే తెగుతోంది అన్నారు. మొద్దు అంచు లక్షణమే అది. పదును లేక తెగనప్పుడు చెయ్యి తెలియకుండానే వెన్ను లేపేస్తుంది, మంట అక్కణ్ణుంచే. చెంప నున్నగా వచ్చిందని నమ్మకండి, చాలామందికి అక్కడి వెంట్రుక మెత్తగా ఉంటుంది. గడ్డం కింద గరుకుగా ఉండి, పైగా దిక్కుకొకటిగా పెరుగుతుంది. సాన ఎవరు పట్టారు? తోలు మీద ఎలా రుద్దుతున్నారు?

గోదారి_గడ్డం:
తోలు పట్టీని బిగువుగా లాగి పట్టుకుని, వెన్ను ముందు నడిచేలా, అంచు వెనక వచ్చేలా రుద్దుతున్నా. తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లిస్తా. సాన మాత్రం వీధిలో కత్తెరలు పట్టేవాళ్ల చక్రం మీద పట్టించా.

రైన్_ఒడ్డు:
దొరికింది దొంగ. తిరిగే చక్రం ఈ కత్తులకు పనికిరాదు. వేడికి అంచులో ఉక్కు మెత్తబడొచ్చు, పైగా అంచు కోణం చోటుకో రకంగా వస్తుంది. ఈ కత్తిని చదునైన రాయి మీద వెన్నూ అంచూ రెండూ ఆనేలా పడుకోబెట్టి నూరాలి. వెన్ను అంత లావుగా పెట్టింది ఊరికే కాదు, అంచు కోణాన్ని నిర్ణయించేది అదే. ముందు 1000 నంబరు రాయి (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన), తర్వాత 3000 లేదా 4000, ఆపైన 8000. 12000 కూడా ఉంటే ఇంకా సుఖం. ఆ తర్వాతే తోలు. అంచు నలగ్గొట్టుకున్న కత్తిని తోలు ఒక్కటే బాగుచెయ్యలేదు.

కత్తెర_చప్పుడు:
నిజమే. మా నాన్న కాలంలో రాయి, తోలు రెండూ దుకాణంలోనే ఉండేవి, కత్తిని ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. రాయి పని అయ్యేదాకా ఎదురుగీత (వెంట్రుక పెరిగే దిక్కుకు ఎదురుగా గీయడం) మాత్రం గీయకండి. అయ్యాక గీసినా, మామూలుకంటే వెన్ను దించి గీయండి.

లెక్కల_మాస్టారు:
ఒక సందేహం. వెన్ను కూడా రాయి మీద అరుగుతుంది కదా, ఏళ్ల తరబడి నూరితే అంచు కోణం తగ్గిపోదూ?

రైన్_ఒడ్డు:
అంచు కూడా అరిగి వెడల్పు తగ్గుతుంది కాబట్టి రెండూ దాదాపు సరిపోతాయి. వెన్ను ఒక్కటే బాగా అరిగిన పాత కత్తులకు కొందరు కరెంటు పనికి వాడే టేపు ఒక పొర వెన్నుకి అంటించి నూరతారు, కోణం కాస్త పెరుగుతుంది. గోదారి గారూ, మీ కత్తి వెన్ను మీద రాయికి అరిగి మెరిసే చార వెడల్పు రెండువైపులా ఒకేలా ఉందా? ఫొటో పెట్టండి, టేపు కావాలో వద్దో చూద్దాం.