ఈ వారం సమస్య: "పిల్లి నాటిన మొక్కకు మల్లె పూచె"

నిర్వాహకుడు:

వసంతం వచ్చింది కదా, ఈసారి రాజులూ రాక్షసులూ వద్దు. ఇల్లూ, తోటా, సూదీదారం, ఇంట్లో తిరిగే నాలుగు కాళ్ళవాళ్ళూ చాలు. సమస్య ఇదీ:

పిల్లి నాటిన మొక్కకు మల్లె పూచె

ఛందస్సు తేటగీతి. కొత్తవాళ్ళ కోసం ఒక మాట. గురువులు (సాగదీసి, ఊది పలికే అక్షరాలు), లఘువులు (పొట్టిగా పలికేవి) కలిసిన గుంపే గణం. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి (అక్షరాల పొంతన) కుదరాలి, లేదా ప్రాసయతి వెయ్యాలి. పై మూడు పాదాలు మీవి, నాలుగోది నాది. పిల్లి మొక్క నాటదు. మరి ఎలా నాటిందో చెప్పాలి, లేదా నాటలేదని వ్యాకరణంతో తప్పించుకోవాలి.

ఊలుకండె:

ముందు ఒక సందేహం. 'పి'కీ 'మ'కీ యతి ఎక్కడ కుదిరింది?

నిర్వాహకుడు:

కుదరలేదు. అక్కడున్నది ప్రాసయతి. పిల్లి, మల్లె: రెండో అక్షరం రెండుచోట్లా 'ల్ల', దాని ముందు రెండుచోట్లా గురువు. తేటగీతి, ఆటవెలది, సీసాల్లో ఇది చెల్లుతుంది. కందంలోనూ వృత్తాల్లోనూ చెల్లదు.

మేడతోట:

'మల్లె' బదులు 'లిల్లి' అన్నా ప్రాసయతి కుదిరేది కదా అని సరదాగా అనుకున్నాను. వెంటనే నాలుక కరుచుకున్నాను. అసలైన లిల్లీలు పిల్లులకు విషం. ఆకు నమిలినా, ఒంటికంటిన పుప్పొడిని నాకినా మూత్రపిండాలు పాడవుతాయి. మల్లెతో ఆ భయం లేదు. సమస్య ఇచ్చినవారు తెలిసే ఇచ్చారో, ప్రాస కోసం ఇచ్చారో!

నా పూరణ:

కుండి దొర్లించి విరుగగ గొమ్మ యొకటి
తడిసి పడియున్న మట్టిలో దాని దొక్కె
వారములు నాలుగాయెను వేరు సాగె
పిల్లి నాటిన మొక్కకు మల్లె పూచె!

కుదురుమాట:

కథ బాగుంది. మల్లెను విత్తనంతో కాక కొమ్మతోనే పెంచుతాం కాబట్టి విరిగిన కొమ్మ తడిమట్టిలో దిగిందంటే ఎవరూ కాదనరు. కణుపు ఒకటి మట్టిలోపల పడితే చాలు. పిల్లి కాలు సరిగ్గా ఆ పనే చేసింది.

రెండు మాటలు మాత్రం అనాలి. "విరుగగ గొమ్మ" అని పైకి చదివి చూడండి. గ, గ, గొ. గొంతులో ముల్లు పడ్డట్టుంది. వ్యాకరణం తప్పు కాదు, చెవికే కష్టం. ఇక రెండోది, నాలుగు వారాలకు వేరు సాగిందంటే నమ్ముతాను. కానీ పక్క పాదంలోనే పూలు! కొమ్మ నాటితే పూత చూడటానికి ఏడాదైనా ఓపిక పట్టాలి. మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య ఒక ఏడాది జారిపోయింది.

మేడతోట:

ఒప్పుకుంటున్నాను. నా కుండీలో కొమ్మ కూడా మొదటి ఏడు ఆకులతోనే సరిపెట్టింది. ఇలా మారిస్తే?

కుండి దొర్లించి విరిచిన కొమ్మ నటులె
తడిసి పడియున్న మట్టిలో దన్ని తొక్కె
వాన, చలి దాటి నిలిచెను వాడిపోక
పిల్లి నాటిన మొక్కకు మల్లె పూచె!

కుదురుమాట:

ఇప్పుడు నాలుగు వారాలు పోయి రెండు ఋతువులు వచ్చాయి. "వసంతం" అనే మాట లేకుండానే వసంతం వచ్చింది. నాకు మూడో పాదం చాలా నచ్చింది. 'అటులె' ఒక్కటే కాస్త పూరకంలా, ఖాళీ నింపడానికి వేసిన మాటలా ఉంది. పోనీలెండి.

ఊలుకండె:

నేను పిల్లి చేత ఏమీ నాటించను. మా పొరుగింటి పిల్లి సంగతి నాకు తెలుసు. మెత్తటి మట్టి కనిపిస్తే చాలు, గోళ్ళతో గీకి, పని కానిచ్చి, మళ్ళీ మర్యాదగా కప్పి పోతుంది. విత్తనాలు వేసిన మర్నాడే ఆ పని చేస్తుంది. చివరికి కుండీల్లో మొక్క చుట్టూ గులకరాళ్ళు పరిచాను. అదే పద్యం:

గులక రాళ్ళను బరచగా గుదురు చుట్టు
త్రవ్వు చోటింక దొరకక తల్లడిల్లి
తోట విడిచెను బొరుగింటి దుడుకు దైన
పిల్లి, నాటిన మొక్కకు మల్లె పూచె!

నిర్వాహకుడు:

విరుపు! 'పిల్లి' దగ్గర వాక్యం ఆపేస్తే నా సమస్య గాలి తీసిన బుడగ అయింది. నాటింది మీరు, పూసింది మల్లె, పిల్లి గోడ దూకి పోయింది. సమస్య ఇచ్చేటప్పుడే ఈ సందు కనిపించింది గానీ, ఎవరైనా దూరతారా అని చూద్దామని వదిలేశాను. పాత ఎత్తే, కానీ ముందు మూడు పాదాల్లో పిల్లి పేరు రాకుండా నడిపి చివర దింపడంలో పనితనం ఉంది.

కుదురుమాట:

"తల్లడిల్లి" ఎక్కువ. బిడ్డ తప్పిపోయిన తల్లి తల్లడిల్లుతుంది, మట్టి దొరకని పిల్లి కాదు. "తలను దించి" అంటే గణాలూ యతీ రెండూ సరిపోతాయి.

ఊలుకండె:

అయ్యా, పిల్లి ఎన్నడైనా తల దించడం చూశారా? తప్పు మనదే అన్నట్టు తోక నిటారుగా ఎత్తుకుని పోతుంది. తల్లడిల్లడమే ఉంచుతాను. అది హాస్యానికి వేసిన పెద్దమాట.

కుదురుమాట:

పిల్లుల విషయంలో మీరే పెద్దలు. వెనక్కి తీసుకున్నాను.

కొత్తచిగురు:

నేను పద్యం రాయడం ఇదే మొదటిసారి. టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి, నవ్వకండి. మా ఇంట్లో కుక్కా పిల్లీ రెండూ ఉన్నాయి.

మా ఇంటి మేడపై తోట మాకు ప్రాణం
కుక్క గుంటలు తవ్వింది గోల చేసి
అందులో పిల్లి పడేసె నొక్క కొమ్మ
పిల్లి నాటిన మొక్కకు మల్లె పూచె

నిర్వాహకుడు:

నవ్వాను, కానీ తప్పులకు కాదు. కుక్క తవ్విన గుంటలో పిల్లి కొమ్మ పడెయ్యడం చూసి నవ్వాను. ఇంతవరకూ ఎవరికీ తట్టలేదిది. సమస్యలో 'నాటిన' ఉంది కానీ గుంట ఎవరు తవ్వారో లేదు. ఆ ఖాళీని మీరు పట్టుకున్నారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. "మా ఇం", రెండూ గురువులే. సూర్యగణం అంటే గురువు-లఘువు, లేదా మూడు లఘువులు. అందుకని బండి మొదటి అడుగులోనే ఆగింది. పాదం చివర "ప్రాణం"లో సున్న ఉంది కాబట్టి 'ణం' కూడా గురువే. మాట్లాడేటప్పుడు ప్రాణం అంటాం, పద్యంలో 'ప్రాణము' అంటాం, ఈ చిక్కు వల్లే. రెండో పాదం గణాలూ యతీ రెండూ సరిగ్గా పడ్డాయి, చూశారా! 'తవ్వింది' వాడుక రూపం. పద్యం మిగతా భాషతో కలవడానికి 'త్రవ్వెను' అందాం. మూడో పాదంలో "పడేసె" చూడండి. లఘువు, గురువు, లఘువు. అది జగణం, ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. 'పడవేసె' అంటే గణం సరిపోతుంది. 'అందు'కూ 'నొక్క'కూ యతి కుదరలేదు, అందుకని ఆ మాటలూ మార్చాను.

మేడపై నున్న మా తోట మేలు తోట
కుక్క గుంటలు త్రవ్వెను గోల చేసి
గుంటలో బిల్లి పడవేసె గొమ్మ నొకటి
పిల్లి నాటిన మొక్కకు మల్లె పూచె!

'బిల్లి' చూసి కంగారుపడకండి. 'లోన్' చివర ద్రుతం (నకారం) ఉంది, దాని తర్వాత ప, బ అవుతుంది. కొమ్మ 'గొమ్మ' కావడమూ అంతే.

కుదురుమాట:

సవరించినవారిని కూడా సవరించవచ్చా? "మేలు తోట" ఎందుకు? యతి కోసం తెచ్చి కూర్చోబెట్టిన మాట.

నిర్వాహకుడు:

దొరికిపోయాను. అది పూరకమే. కొత్తచిగురు గారు, ఆ పాదం మీరే మళ్ళీ రాయండి. ఆ తోటలో ఏముందో మీకే తెలుసు.

మనుమరాలి తాత:

మా మనుమరాలికి బంకమట్టి ఇస్తే పూలకుండీ చేసింది. రెండు చెవులు, పుల్లలతో గీసిన మీసాలు, కాస్త ఒక పక్కకు వాలిన మొహం. అడుగున నీళ్ళు పోవడానికి రంధ్రం మాత్రం నేను పెట్టాను.

మట్టి పిసికి తా జేసెను మనుమరాలు
చెవులు, మీసాల తోడను జిన్న కుండి
తాత తెచ్చిన యంటును దాన నుంచె
పిల్లి నాటిన మొక్కకు మల్లె పూచె!

కుదురుమాట:

కుండీ కళ్ళముందు కనిపించింది. కానీ తాతగారూ, మీరు చెప్పదలిచింది 'పిల్లిలో నాటిన మొక్క'. పద్యంలో ఉన్నది 'పిల్లి నాటిన మొక్క'. ఆ 'లో' ఎక్కడికి పోయింది? కుండలో నాటినదాన్ని 'కుండ నాటిన మొక్క' అంటే కుండే నాటిందని అర్థం వస్తుంది. భావానికి నూటికి నూరు, విభక్తికి సున్న.

మనుమరాలి తాత:

విభక్తి కూడా అడుగున రంధ్రంలోంచి కారిపోయినట్టుంది. అయితే ఇంకో దారి ఉంది. ఆ పిల్లవి పిల్లికళ్ళు. ఇంట్లో అందరికీ ఓ పేరు, నాకు మాత్రం అది 'పిల్లి'. మూడో పాదం మారుస్తున్నాను:

పిల్లికళ్ళవి యని తాత పిలుచు పేరు
పిల్లి నాటిన మొక్కకు మల్లె పూచె!

నిర్వాహకుడు:

ఇది అనుకోకుండా రెండు రకాలుగా పలుకుతోంది. పిల్లి అనే పిల్ల నాటిన మొక్క అని ఒకటి. "తాత పిలుచు పేరు పిల్లి" అని ఆగి, "నాటిన మొక్కకు మల్లె పూచె" అని మరొకటి. ఎలా చదివినా విభక్తి ఎవరికీ బాకీ లేదు. మట్టికుండీకి చెవులెందుకున్నాయో కూడా ఇప్పుడు అర్థమైంది.

సూదిదారం:

నాకు తోట లేదు, కిటికీ ఒక్కటే ఉంది. అందుకని గుడ్డ మీదే పెంచుతాను. చలికాలంలో మొదలుపెట్టిన పని ఇది. పార పట్టుకున్న పిల్లి, దాని ముందు ఆకులు మాత్రమే ఉన్న మొక్క. తెల్లదారం అయిపోయి మొన్నటిదాకా ఆగింది.

గుడ్డపై గుట్టితిని మొక్క, గుంట త్రవ్వు
పిల్లి బొమ్మను బ్రక్కనే పెట్టినాను
తెల్ల దారాలతో ముడు లల్లినంత
పిల్లి నాటిన మొక్కకు మల్లె పూచె!

మేడతోట:

నేను ఏడాది ఆగాను. మీకు ఒక సాయంత్రంలో పూసింది!

కుదురుమాట:

ఈ వారం నాకు బాగా నచ్చినది ఇదే. విరుపు లేదు, పేరు మార్చడం లేదు, పిల్లి నిజంగానే నాటింది, మల్లె నిజంగానే పూసింది. అయితే ముడులు 'అల్లుతామా'? ఊలు అల్లుతాం, బుట్ట అల్లుతాం. ముడి వేస్తాం.

సూదిదారం:

నిజమే. నేను వేసింది ఫ్రెంచ్ నాట్. దారాన్ని సూదికి రెండు చుట్లు చుట్టి, ఎడమచేత్తో బిగువుగా పట్టుకుని, పైకి వచ్చిన చోటికి వెంట్రుకవాసి పక్కన సూది దించాలి. అదే రంధ్రంలో దించితే ముడి వెనక్కి జారిపోతుంది, మొగ్గ మాయం. ఇందులో అల్లిక ఏమీ లేదు. 'తెల్ల'కు ప్రాసయతి కావాలని 'అల్లి' తెచ్చుకున్నాను.

నిర్వాహకుడు:

"వెండి దారాలతో ముడుల్ వేసినంత" అంటే వె-వే యతి కుదురుతుంది.

సూదిదారం:

వెండి జరీతో ఈ ముడి వేసి చూడండి, చుట్టు చుట్టుకీ పీచు లేస్తుంది. పైగా మల్లె మెరవదు.

కుదురుమాట:

"వెల్ల దారాలతో ముడుల్ వేసినంత"?

సూదిదారం:

వెల్ల అంటే తెలుపే. గోడ సున్నం గుర్తొస్తుంది గానీ, ముడి 'వేయడం' దక్కింది. తీసుకుంటున్నాను.

ఊలుకండె:

ఇంకొకటి, క్రమాలంకారంలో. మూడు ప్రశ్నలు, చివరి పాదంలో వరసగా జవాబులు:

దారపుండతో నాడుచు దాగు నేది?
దేనికై నీటి డబ్బాను దెచ్చినావు?
కమ్మనగు తావి యీ పూట గ్రమ్మె నేల?
పిల్లి – నాటిన మొక్కకు – మల్లె పూచె!

నిర్వాహకుడు:

చక్కగా తెగింది. మూడో ప్రశ్నకు 'మల్లె పూచె' అనేది ఇంట్లోంచి ఎవరో కేక వేసినట్టు వినిపిస్తోంది. దారపుండ మాత్రం పద్యంలోనే ఉంచండి. పిల్లి మింగితే పేగుల్లో చిక్కుకుంటుంది. ఆట అయ్యాక డబ్బాలో పెట్టి మూత వెయ్యండి.

కొత్తచిగురు:

మొదటి పాదం మళ్ళీ రాశాను. "మేడపై బంతి పాదులు మెత్తనాయె". మట్టి మెత్తగా ఉందనే కుక్క తవ్వింది.

కుదురుమాట:

మేడ, పైబంతి, పాదులు, మెత్త, నాయె. గణాలు సరి, మే-మె యతి సరి. 'పాదులు మెత్తనాయె' అనడంతో కుక్కకు కారణం కూడా దొరికింది. నిర్వాహకుల పాదం కన్నా ఇదే మేలు.

నిర్వాహకుడు:

మేలు తోట పోయి మంచి పాదు వచ్చింది, సంతోషం. మీరంతా అడగలేదు గానీ చెబుతాను, ఈ సమస్య ఎక్కడిదో. మా పిల్లి పోయిన వారం మల్లె కుండీ మీద నుంచి దూకి రెండు కొమ్మలు విరిచింది. ఒకటి నీళ్ళలో పెట్టాను, ఒకటి మట్టిలో గుచ్చాను. రోజూ లాగి చూస్తున్నాను, అదే తప్పని తెలిసీ.

వచ్చే వారానికి, మళ్ళీ తేటగీతిలోనే:

కుక్క కాపలా కాయగా మొక్క నడచె

కొత్తచిగురు:

చక్రాల స్టాండు మీద కుండీ పెడితే చెల్లుతుందా?

కుదురుమాట:

చెల్లుతుంది. ముందు 'చక్రాల' అని మొదలుపెట్టకండి, మళ్ళీ రెండు గురువులు.