అప్‌డేట్: లైనక్స్ సర్వర్‌కు పింగ్ దొరికింది, తప్పు సబ్‌నెట్ మాస్క్‌లో ఉంది

మొన్న నేను అడిగిన సమస్య ఇదీ: 192.168.10 సబ్‌నెట్‌లోని (నెట్‌వర్క్‌లో ఒక విడి భాగం) విండోస్ కంప్యూటర్ల నుంచి 192.168.20.15 ఉబుంటు లైనక్స్ సర్వర్‌కు పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే పరీక్ష) పనిచేయడం లేదు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) కూడా టైమౌట్. సర్వర్ ఉన్న సబ్‌నెట్‌లోని మెషీన్లకు మాత్రం అన్నీ పనిచేస్తున్నాయి.

రెండు రోజులు రౌటర్‌నే అనుమానిస్తూ కూర్చున్నాను. సర్వర్‌లో టీసీపీడంప్ (వచ్చే పోయే నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను చూపే టూల్) పెట్టి చూడమన్న సలహాయే దారి చూపింది. పింగ్ రిక్వెస్టులు సర్వర్ దాకా చక్కగా వస్తున్నాయి! జవాబే బయటికి రావడం లేదు. దాని బదులు "192.168.10.42 ఎవరు?" అని సర్వర్ ఏఆర్‌పీలో (తన సబ్‌నెట్‌లోని మెషీన్లను వెతికే పద్ధతి) పదే పదే అడుగుతోంది. వేరే సబ్‌నెట్ అడ్రస్ అయితే గేట్‌వేకి (అంటే రౌటర్‌కి) పంపాలి గానీ, పక్కవాళ్లను అడగడం ఏమిటి? నెట్‌ప్లాన్ ఫైల్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగ్‌లు ఉండేది) తెరిస్తే సబ్‌నెట్ మాస్క్, అంటే అడ్రస్‌లో ఎంత భాగం లోకల్ నెట్‌వర్క్‌దో చెప్పే అంకె, /24 ఉండాల్సిన చోట /16 ఉంది. దాంతో 192.168తో మొదలయ్యే ప్రతి అడ్రస్‌నూ తన లోకల్ నెట్‌వర్క్ అనుకుంటోంది. దాన్ని /24కి మార్చి 'నెట్‌ప్లాన్ ట్రై' కమాండ్ కొట్టగానే పింగ్ వచ్చేసింది. దూరం నుంచి చేసేవాళ్లు నేరుగా 'అప్లై' కొట్టకండి. 'ట్రై' అయితే మనం ఓకే చేయకపోతే 120 సెకన్లలో పాత సెట్టింగ్ తిరిగి వస్తుంది, టెన్షన్ ఉండదు.

సర్వర్ నుంచి విండోస్‌కు పింగ్ ఇంకా ఆగింది. అది విండోస్ ఫైర్‌వాల్ పని: ఎకో రిక్వెస్ట్ (పింగ్ అడిగే ప్రశ్న) రూల్‌లో ఎవరిని అనుమతించాలో చెప్పే స్కోప్‌లో 'లోకల్ సబ్‌నెట్' అని ఉంటే, 192.168.20.0/24 కూడా చేర్చాను. ఓపిగ్గా సాయం చేసిన అందరికీ థాంక్స్.