చిన్న పిల్లలతో సముద్రం దగ్గరికి, తక్కువ ఖర్చులో: ఓడరేవా, సూర్యలంకా, వైజాగా? ఎవరైనా తేల్చి చెప్పండి

నిద్రలేని నాన్న:
మూడు రాత్రుల నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నా. ఏ పేజీ తెరిచినా ‘బంగారు ఇసుక’, ‘తప్పక చూడాల్సిందే’ అనే రాసుంటుంది. పిల్లల్ని ఎత్తుకుని వెళ్లొచ్చినవాడు మాత్రం ఒక్కడూ రాయడు. గోవా అనుకుని టికెట్ల ధర చూసి ఫోన్ పక్కన పెట్టేశా. పూరీ అంటే మా ఆవిడ అంత దూరం వద్దంది. చివరికి ఓడరేవు, సూర్యలంక, వైజాగ్ మిగిలాయి. సెలవుల్లో వెళ్లాలి, రెండు రాత్రులు, సముద్రం కనిపించే గది కావాలి, ఖర్చు మామూలుగా ఉండాలి. ఏది మంచిదో సూటిగా చెప్పండి ప్లీజ్. రేపు సాయంత్రానికి బుక్ చేయకపోతే ఇంట్లో నా పని అయిపోయినట్టే.

ఒక్క ముక్క:
వైజాగ్.

నిద్రలేని నాన్న:
ఎందుకో కూడా చెబితే బాగుంటుంది కదండీ.

ఒక్క ముక్క:
సూటిగా చెప్పమన్నారు. చెప్పాను.

కోనసీమ కుర్రోడు:
ఓడలరేవు పేరు ఇక్కడ చూసి ప్రాణం లేచొచ్చింది! మా అమ్మమ్మ వాళ్లది ఆ పక్క ఊరే. అమలాపురంలో దిగి ఆటో మాట్లాడుకోండి. దారి పొడవునా కొబ్బరి తోటలే. కాకపోతే బస మాత్రం అమలాపురంలోనే చూసుకోవాలి, పిల్లలకి పాలూ మందులూ అన్నీ అక్కడే దొరుకుతాయి.

నిద్రలేని నాన్న:
అన్నా, నేను అడిగింది కోనసీమ ఓడలరేవు కాదు. చీరాల దగ్గరుంది కదా, ఓడరేవు. అది.

పాత మాస్టారు:
నాయనా, చీరాల దగ్గరున్నది ఓడరేవు కాదు, వాడరేవు. ‘వాడ’ అంటే ఓడే. వాడబలిజలు అన్న మాటలో ఉన్నది కూడా ఆ వాడే. ఊరి పేరు సరిగ్గా పలకకపోతే ఇలాగే అమలాపురం పోతాం.

చీరాల చిన్నోడు:
మాస్టారూ, మా ఊరి స్టేషన్ బయట ఆటోవాళ్లు ‘ఓడ్రేవు ఓడ్రేవు’ అనే అరుస్తారు. వాడరేవు అని అడిగితే బయటివాడని పసిగట్టి యాభై ఎక్కువ చెబుతారు.

పాత మాస్టారు:
అరుపు వేరు, పేరు వేరు.

కవలల అమ్మ:
పేరు సంగతి తర్వాత చూద్దాం. బాబూ, మీరు బయల్దేరేది ఎక్కడి నుంచి? పిల్లల వయసెంత? ఏ సెలవులు, దసరావా, సంక్రాంతివా, ఎండాకాలానివా? ఇవేవీ చెప్పకుండా ఏది మంచిదంటే ఏం చెప్పగలం?

నిద్రలేని నాన్న:
సారీ అక్కా, రాశాననుకున్నా. వరంగల్ నుంచి. పెద్దది నాలుగేళ్లు, చిన్నోడికి ఏడాదిన్నర. సెలవులంటే ఎండాకాలం సెలవులే, మే రెండో వారం.

బందరు బాబు:
మే అయినా ఏమైనా పసిపిల్లలతో అంటే మంగినపూడి ఒక్కటే. మచిలీపట్నం నుంచి 11 కిలోమీటర్లు. నీళ్లు లోతు లేకుండా చాలా దూరం దాకా వెళతాయి, నడుం లోతు రావాలంటే పెద్దవాళ్లే నడుచుకుంటూ పోవాలి. తిరుగు దారిలో లడ్డూ తీసుకోండి. బందరు లడ్డూకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరచిపోయి కూడా బస్టాండులో కొనకండి, ఊళ్లోకి వెళ్లి పాకం తెలిసినవాళ్ల దగ్గర...

కవలల అమ్మ:
బందరు బాబుగారూ, మీరు చెప్పిన లోతు సంగతి నిజమే, మేమూ వెళ్లాం. అడుగున నల్ల బంకమట్టి ఉంటుందని మాత్రం చెప్పలేదు. మా పిల్లల తెల్ల గౌన్లు ఇప్పటికీ బూడిద రంగులోనే ఉన్నాయి.

బందరు బాబు:
మట్టి ఉంది కాబట్టే అలలు మెత్తగా ఉంటాయమ్మా. సముద్రానికి తెల్ల గౌన్లు ఎవరు వేస్తారు?

అలల లెక్క:
అసలు విషయం ఎవరూ మాట్లాడటం లేదు. లోతు తక్కువ అని ధైర్యపడితే ప్రమాదం. ఒడ్డుకి కొట్టిన నీళ్లు వెనక్కి పోవడానికి ఒక సన్నటి దారి చేసుకుంటాయి, రిప్ కరెంట్ అంటే అదే. గుర్తుపట్టడం ఎలాగంటే: రెండు వైపులా అలలు తెల్లగా విరుగుతూ ఉంటాయి, మధ్యలో ఒక పాయ మాత్రం నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో, నిమ్మళంగా కనిపిస్తుంది. పిల్లలున్నవాళ్లు ‘ఇక్కడ అలలు లేవు’ అని సరిగ్గా అక్కడే దింపుతారు! పెద్దవాళ్లు అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. పసివాళ్లకి ఆ లెక్కే లేదు, చెయ్యి పట్టుకోవడం ఒక్కటే దారి. ఇంకొకటి, ఏప్రిల్ మే నెలల్లో ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన ఉప్పెన లాంటి అలలు వేల కిలోమీటర్లు దాటి, ఇక్కడ గాలీ వానా ఏమీ లేకుండానే వచ్చి కొడతాయి. కేరళవాళ్లు కళ్ళక్కడల్ అంటారు. మన తీరంలో అంత తరచుగా రావనుకోండి. హైదరాబాద్ ప్రగతి నగర్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ వాళ్లు రోజూ అలల ఎత్తు చెబుతారు, బయల్దేరే ముందు చూడండి. ఆటు సమయంలో పాయలు ఇంకా లాగుతాయి కాబట్టి ఆటుపోట్ల వేళలు కూడా...

చీరాల చిన్నోడు:
ఆటు ఏంటి బ్రో? మా పల్లెకారులెవరూ అలా అనరు. నీళ్లు పెరిగితే పోటు, తీస్తే పాటు.

పాత మాస్టారు:
ఆటూ ఉంది, పాటూ ఉంది. పుస్తకంలో ఒకటి, పడవలో ఒకటి.

అలల లెక్క:
మాట ఏదైనా నీళ్లు లాగేది ఒకేలా కదండీ మాస్టారూ. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, ఆ రోజులు తప్పించమని చెప్పబోతున్నాను.

నిద్రలేని నాన్న:
అయ్యా, నేను ఈత పోటీకి వెళ్లడం లేదు. గది ఎక్కడ తీసుకోవాలో చెప్పండి.

కవలల అమ్మ:
నేను చెబుతాను, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా కవలలకి మూడేళ్లప్పుడు మేలోనే సూర్యలంక వెళ్లాం. మాకు తర్వాత అర్థమైంది ఏంటంటే, పిల్లలతో వెళ్లినప్పుడు సముద్రంలో గడిపేది రోజుకి మహా అయితే మూడు గంటలు. తూర్పు తీరం కదా, మేలో ఐదున్నరకల్లా ఎండ పడుతుంది. ఎనిమిదికి ఇసుక కాలడం మొదలు. మళ్లీ సాయంత్రం ఐదు దాటాకే బయటికి. మధ్యలో తొమ్మిది గంటలు ఆ గదిలోనే పడి ఉంటారు. మేమైతే కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని డబ్బు ఎక్కువ పెట్టి పై అంతస్తు తీసుకున్నాం. ఏసీ ఏమో అరగంటకోసారి ఆగిపోయేది, మెట్ల మీద ఇద్దర్నీ ఎత్తుకుని రోజుకి పదిసార్లు. కిటికీ తెరిస్తే వేడి, అందుకని కర్టెన్ వేసుకునే కూర్చున్నాం! కాబట్టి సముద్రం కనిపించే గది అన్న మాట మరచిపోండి. కింది అంతస్తు, పనిచేసే ఏసీ, కరెంటు పోతే జనరేటర్, పాలు కాచుకోవడానికి ఒక కెటిల్. ఈ నాలుగూ ఫోన్ చేసి మరీ అడగండి.

ఇక దూరం. బాపట్ల ఊళ్లో గది చవక. కానీ సూర్యలంక 9 కిలోమీటర్లు. పొద్దునా సాయంత్రం పోయిరావడం అంటే రోజుకి నాలుగు ఆటో బేరాలు, తడి బట్టలతో, నిద్రపోతున్న పిల్లతో. మిగిలిందనుకున్నది అక్కడే పోతుంది. తీరం మీదే టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, ముందు అది దొరుకుతుందేమో చూడండి. శని, ఆదివారాలు మాత్రం వద్దు. గుంటూరు, విజయవాడల నుంచి బైకుల మీద కుర్రాళ్లు దిగుతారు, సీసా పెంకులు ఏరుకోవాల్సి వస్తుంది.

రైలు కూడా చూసుకోండి. వరంగల్ నుంచి చీరాల వైపు దూరం వైజాగ్‌తో పోలిస్తే దాదాపు సగమే, చార్మినార్ దొరుకుతుంది. కానీ అది దించేది అర్ధరాత్రి దాటాక, ఏడాదిన్నర పిల్లాడితో ఆ వేళ స్టేషన్‌లో ఏం చేస్తారు? గోదావరి అయితే సాయంత్రం వరంగల్‌లో ఎక్కి, పిల్లల్ని పడుకోబెట్టి, తెల్లారేసరికి వైజాగ్. మీ పిల్లలిద్దరికీ ఐదేళ్ల లోపే కాబట్టి టికెట్ అక్కర్లేదు, బెర్తు కూడా ఉండదనుకోండి. అక్కడ ఒక తలనొప్పి: హోటల్ గది మధ్యాహ్నం పన్నెండుకి గానీ ఇవ్వరు చాలాచోట్ల. ముందే మాట్లాడుకోండి, లేదా స్టేషన్ రిటైరింగ్ రూమ్ చూసుకోండి.

నీళ్లలో దింపడానికి వైజాగ్‌లో ఆర్కే బీచ్ వద్దే వద్దు, అక్కడ నడవడానికీ ముంతకింద పప్పు తినడానికీ మాత్రమే. రుషికొండ వెళ్లండి, శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో ఇచ్చారు దానికి. స్నానానికి హద్దులు పెట్టిన చోటుంది, కాపలాకి లైఫ్ గార్డులు ఉంటారు, బట్టలు మార్చుకునే గదులున్నాయి. మేమైతే అసలు నీళ్లలోకే దింపలేదు. తడి ఇసుక మీద చిన్న గొయ్యి తవ్వి, రెండు చెంబులు చేతికిస్తే గంటన్నర ఆడుకున్నారు. ఇంటి నుంచి ఐదు లీటర్ల ఖాళీ డబ్బా ఒకటి తీసుకెళ్లండి. మంచినీళ్లతో ఉప్పు కడగకపోతే రాత్రంతా ఒరుసుకుపోయిందని ఏడుస్తారు.

ఒక్క ముక్క:
వైజాగ్ అని నేను మొదట్లోనే చెప్పాను.

కోనసీమ కుర్రోడు:
వైజాగ్‌లో సబ్‌మెరైన్ కూడా ఉంది కదా, పిల్లలకి ఇష్టం.

కవలల అమ్మ:
కురుసుర, అవును. జూ కూడా. రెండూ సోమవారం మూసేస్తారు. సబ్‌మెరైన్ లోపల ఇరుకు, చిన్నోణ్ణి ఎత్తుకునే తిరగాలి.

చీరాల చిన్నోడు:
మా ఊరి తరఫున ఒక నిజం చెబుతా. మేలో చేపల కూర మీద ఆశ పెట్టుకుని ఎక్కడికీ వెళ్లకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలు ఆపేస్తారు. ఆ 61 రోజుల్లో ఏ హోటలోడైనా ‘ఇప్పుడే దించిన చేప’ అంటే ఎక్కడి నుంచి దించాడో అడగండి. ఐసులోంచి!

పాత మాస్టారు:
చెరువు చేప అయి ఉంటుంది. అన్నట్టు చీరాల ఇప్పుడు ప్రకాశం జిల్లా కాదు, 2022 నుంచి బాపట్ల జిల్లా. గది బుక్ చేసేటప్పుడు జిల్లా తప్పు కొడితే పేర్లు కనిపించవు.

నిద్రలేని నాన్న:
అక్కా, చాలా వివరంగా చెప్పారు. ఇంకొక్క మాట చెప్పడం మరచిపోయా. మా అత్తమ్మ కూడా వస్తుంది. మోకాళ్ల నొప్పులు, ఇసుకలో నడవలేదు.

కవలల అమ్మ:
ఇది మొదటి లైన్‌లో రాయాల్సిన ముక్క! అయితే ఇంకేం ఆలోచించొద్దు. వైజాగ్‌లో బీచ్ రోడ్డు పొడవునా సిమెంటు బల్లలున్నాయి, ఆవిడ అక్కడ కూర్చుని సముద్రం చూడొచ్చు. సూర్యలంకలో ఇసుక దాటకుండా నీళ్ల దాకా పోవడం కుదరదు. ఆవిడకి కింది బెర్తు వచ్చేలా టికెట్‌లో వయసు సరిగ్గా వేయండి. ఇప్పుడు 60 రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తున్నారు, మే రెండో వారం అంటే ఈపాటికి నిండిపోయి ఉంటుంది. బుధవారం, గురువారం చూడండి.

బందరు బాబు:
మంగినపూడికి బస్టాండు నుంచి ఆటో నేరుగా ఒడ్డు దాకా వెళుతుంది, అత్తగారికీ ఇబ్బంది ఉండదు. ఆలోచించండి.

అలల లెక్క:
వెళ్లే ముందురోజు అలల ఎత్తు మాత్రం చూడండి. ఒకటిన్నర మీటరు దాటితే పిల్లల్ని తడి ఇసుక దగ్గరే ఆపండి.

(నాలుగు రోజుల తర్వాత)

నిద్రలేని నాన్న:
గోదావరిలో బుధవారానికి దొరికింది, ఒకటి ఆర్ఏసీ. వైజాగ్‌లో కింది అంతస్తు గది, సముద్రం కనిపించదు. మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు. థాంక్స్ అందరికీ.

చీరాల చిన్నోడు:
ఈసారి సంక్రాంతికి ఓడరేవు రండి అన్నా.

పాత మాస్టారు:
వాడరేవు.