వయొలిన్ కాన్సర్టో రికార్డింగుల నాణ్యతను దేన్నిబట్టి గుర్తించాలి?

ప్రశ్న

కొన్ని నెలలుగా వయొలిన్ కాన్సర్టోలను, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్క వయొలిన్ ప్రధానంగా పలికే రచనలను, శ్రద్ధగా వింటున్నాను. ఒకే రచనను నలుగురు వాయించగా విన్నప్పుడు, వారి శైలిలోని తేడా కన్నా ముందు రికార్డింగులోని తేడాయే నా చెవిని పట్టేస్తోంది. బ్రామ్స్ కాన్సర్టోను యాషా హైఫెట్స్ 1955లో ఫ్రిట్జ్ రైనర్ నిర్వహణలో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో వాయించిన రికార్డింగులో వయొలిన్ మూరెడు దూరంలో ఉన్నట్టు వినిపిస్తుంది. కమాను తీగను పట్టుకునే చిన్న గీర కూడా తెలుస్తుంది, కానీ ఆర్కెస్ట్రా వెనక్కి జరిగిపోతుంది. దీనికి పూర్తిగా విరుద్ధంగా, సిబేలియస్ కాన్సర్టో డిజిటల్ రికార్డింగు ఒకదానిలో ఆరంభం వినబడడం లేదని వాల్యూమ్ పెంచితే, కొన్ని నిమిషాల తర్వాత ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారిగా విరుచుకుపడుతోంది. ఇవి రికార్డింగు లోపాలా, నేను వినే పద్ధతిలోనే పొరపాటుందా? సీడీ కన్నా సూక్ష్మంగా నమోదు చేసే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లు కొంటే ఈ ఇబ్బంది తీరుతుందా?

మొదటి జవాబు

మీరు చెప్పిన రెండూ వేర్వేరు విషయాలండీ. మొదటిది మైకుల అమరికకు సంబంధించినది. హాల్లో కూర్చుని వినేవారికి సోలో వయొలిన్ అంత పెద్దగా ఎన్నడూ వినిపించదు. అది ఆర్కెస్ట్రాను దాటి మన దాకా రావడానికి కారణం, వయొలిన్ పలికే చోట మిగతా వాద్యాలను తగ్గించి స్వరపరచడంలో రచయిత చూపిన నేర్పు. హైఫెట్స్ రికార్డింగుల్లో మాత్రం వయొలిన్‌ను దగ్గరి నుంచి పట్టి, కావాలనే ముందుకు తెచ్చారు. ఆ వాయింపులోని ప్రతి స్వరమూ గీత గీసినంత స్పష్టంగా ఉంటుంది కాబట్టి ఆ పద్ధతికి అభిమానులు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం అది కాన్సర్టో స్వభావానికి అన్యాయమనే అనిపిస్తుంది.

మెర్క్యురీ అనే రికార్డుల సంస్థ స్టీరియో కాలంలో ఆర్కెస్ట్రా ముందు మూడే మైకులను వేలాడదీసి రికార్డు చేసేది. ఏ వాద్యం ఎంత వినిపించాలనేది ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టరూ హాలూ తేల్చవలసిందే గానీ, తర్వాత మీటలు తిప్పి సరిదిద్దే వీలు దాదాపు ఉండేది కాదు. హెన్రిక్ షెరింగ్ అంటల్ దొరాటితోనూ లండన్ సింఫనీతోనూ కలిసి ఆ సంస్థకు చేసిన బ్రామ్స్‌ను హైఫెట్స్ రికార్డింగు పక్కన పెట్టి వినండి. డెక్కా సంస్థ ఇంజనీర్లు మూడు మైకులను ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో కండక్టర్ తలకు పైన నిలిపే పద్ధతిని 1950లలో రూపొందించారు. దానినే డెక్కా ట్రీ అంటారు. ఆర్కెస్ట్రాకు లోతు ఉందనీ, కొమ్ము వాద్యాలు నిజంగా వెనుక వరుసలోనే ఉన్నాయనీ చెవికి తెలియడం ఆ పద్ధతిలోని గొప్పదనం.

రెండవ జవాబు

ఫైళ్ల సంగతి నేను చెబుతాను. 16 బిట్ల సీడీ అతి మెల్లని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెళ్ల వ్యత్యాసాన్ని పట్టగలదు, సెకనుకు 44.1 వేల నమూనాలు తీసే దాని వేగం (44.1 కిలోహెర్ట్జ్) మనిషి వినగలిగే పై హద్దు దాకా ఉన్న ధ్వనులన్నింటినీ పట్టడానికి చాలు. 1955 నాటి టేపులో ఉన్న వ్యత్యాసం అంతకన్నా బాగా తక్కువ కాబట్టి, అదే టేపును 192 కిలోహెర్ట్జ్‌లో కొన్నంత మాత్రాన అందులో లేని సంగీతం పుట్టుకురాదు. తేడా వచ్చేది టేపును ఎవరు, ఏ తరం ప్రతి నుంచి, ఎంత జాగ్రత్తగా ఎక్కించారన్న దగ్గర. మెర్క్యురీ రికార్డింగులను సీడీలకు మార్చే పనిని, వాటి అసలు నిర్మాత అయిన విల్మా కోజార్ట్ ఫైన్ 1990ల్లో స్వయంగా దగ్గరుండి చేయించారు, అందుకే అవి ఇప్పటికీ నిలబడ్డాయి. మరికొన్ని పాత రికార్డింగుల కొత్త ముద్రణల్లో టేపు బుస వినబడకూడదని దాన్ని తొలగించబోయి, దానితోపాటు వయొలిన్ పై స్థాయిలోని మెరుపునూ హాలు గాలినీ కూడా తుడిచేశారు. బుస ఉన్నా పరవాలేదు, సంగీతం మొదలైన నిమిషంలోనే చెవి దాన్ని మరిచిపోతుంది. ఫైలు కొనేటప్పుడు ఎంపీ3 కాకుండా ఫ్లాక్ వంటి నష్టం లేని రూపం తీసుకుంటే చాలునని నా అభిప్రాయం.

మూడవ జవాబు

సిబేలియస్ ఆరంభం అలా వినిపించడం లోపం కాదని గట్టిగా చెప్పదలిచాను. వయొలిన్ల బృందం తీగలను మోసే బ్రిడ్జికి నాదాన్ని మెత్తబరిచే మ్యూట్లు తొడిగి, మంచు కదిలినట్టు అతి మెల్లగా వాయిస్తుండగా దాని మీద సోలో వయొలిన్ ప్రవేశిస్తుంది. అది గదిలోని ఫ్యాను చప్పుడులో కలిసిపోయిందంటే, సర్దుకోవలసినది గదే. ఆర్కెస్ట్రా పూర్తి బలంతో వాయించే భాగాన్ని ముందుగా విని, అది చెవికి హాయిగా ఉండే చోట వాల్యూమ్ ఆపి, ఆ తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టండి. క్యుంగ్ వా చుంగ్ 1970లో ఆంద్రే ప్రెవిన్‌తో, లండన్ సింఫనీతో డెక్కాకు చేసిన రికార్డింగుతో ప్రారంభిస్తే మంచిది. ఆ తర్వాత బిస్ సంస్థ వెలువరించిన లియొనిదస్ కవాకోస్ రికార్డింగు వినండి. అందులో ఓస్మో వాన్‌స్కా నిర్వహణలో లహ్తి సింఫనీతో, సిబేలియస్ మొదట రాసిన రూపమూ 1905లో స్థిరపరచిన రూపమూ రెండూ ఉన్నాయి.

మొదటి జవాబు రాసినవారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. ఇంట్లో వినేవారి కళ్లెదుట వాయిద్యకారుడు ఉండడు కాబట్టి, వయొలిన్‌ను కొద్దిగా ముందుకు తేవడం తప్పనిసరి. ఆ కొద్దిగా అన్నది దాటిందో లేదో చూసుకోవడానికి నాకో పద్ధతి ఉంది. బ్రామ్స్ రెండవ భాగంలో సోలో వయొలిన్ రాకముందు ఓబో అనే ఊదే వాద్యం ఒక సుదీర్ఘమైన రాగాన్ని పలుకుతుంది. తర్వాత వయొలిన్ వచ్చినప్పుడు అది ఆ ఓబో ఉన్న హాల్లోనే ఉన్నట్టు అనిపించాలి. మెండెల్సన్ ఇ మైనర్ కాన్సర్టోలో మొదటి భాగం ముగిసే చోట అన్ని వాద్యాలూ ఆగినా బసూన్ అనే మంద్రమైన ఊదే వాద్యం ఒక్కటి తన స్వరాన్ని వదలకుండా పట్టుకుని ఉండి, అరమెట్టు పైకి జరిగి, రెండవ భాగంలోకి తీసుకువెళ్తుంది. ఆ స్వరం ఆర్కెస్ట్రా నాదం చల్లారుతుండగా అందులోంచే మెల్లగా బయటపడితే, ఆ రికార్డింగులో హాలు సజీవంగా ఉన్నట్టే.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. రాత్రి ఫ్యాను ఆపి, మీరు చెప్పిన క్రమంలో సిబేలియస్ విన్నాను. ఇన్నాళ్లూ సోలో వయొలిన్ శూన్యంలోంచి మొదలవుతుందని అనుకున్నాను గానీ, దాని కింద అల్లుకున్న ఆ సన్నని కదలికను నిన్ననే మొదటిసారిగా విన్నాను. మెండెల్సన్ రికార్డింగులు నా దగ్గర రెండున్నాయి. ఒకదానిలో బసూన్ స్వరం దూరం నుంచి, హాలు మధ్యలోంచి వచ్చింది. రెండవ దానిలో మాత్రం ఎవరో మీట తిప్పినట్టు ఉన్నట్టుండి దగ్గరకు వచ్చింది. ఇక బ్రామ్స్ విషయానికి వస్తే, హైఫెట్స్‌ను వదులుకోను, షెరింగ్ రికార్డింగు కోసం వెతుకుతున్నాను. ఓబో దగ్గర ఆ రెండూ ఎలా ఉన్నాయో విన్నాక ఇక్కడే రాస్తాను.