ఉమ్మడి ఇంట్లో పావు వాటా బయటి వ్యక్తి కొన్నాడు: ముందు కోర్టుకెక్కాల్సింది ఎవరు?

పెంకుటిల్లు:
తెనాలిలో 300 గజాల పాత ఇల్లు. రోడ్డు వైపు 30 అడుగులు, లోతు 90. తండ్రి స్వార్జితం. తల్లి ముందే పోయారు, తండ్రి 2016లో వీలునామా రాయకుండా పోయారు. నలుగురు పిల్లలకు తలా పావు వాటా. రెండో అబ్బాయి తన అవిభక్త (ఇంకా విడదీయని) పావు వాటాను ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారికి రిజిస్టర్ చేసి నాలుగు నెలలైంది. పెద్దబ్బాయి కుటుంబం ఇంట్లోనే ఉంటోంది, ఆడపడుచు అమెరికాలో ఉంది. కొన్నాయన వచ్చి "నా గది ఏదో చూపించండి" అంటున్నాడు. ఒక లాయరు గారు వెంటనే పార్టిషన్ దావా (ఆస్తిని భాగాలుగా పంచమని కోరే దావా) వేయమంటారు, ఇంకొకరు మీరు వేయకండి, ఆయన్నే వేయనివ్వండి అంటారు. ఏది సరి?

నల్లకోటు:
ఆగడం దేనికండీ? పార్టిషన్ దావా వేయండి, దానితో పాటే అతను లోపలికి రాకుండా ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) అడగండి. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 44 రెండో పేరా చూడండి. అవిభక్త కుటుంబపు నివాస గృహంలో వాటా కొన్న బయటివాడికి ఉమ్మడి స్వాధీనం హక్కు లేదు. వాటా దక్కుతుంది కానీ గడప లోపల కాలు పెట్టే హక్కు రాదు. 1990లో దొరాబ్ కావస్‌జీ వార్డెన్ కేసులో అప్పటికే లోపలికి వచ్చేసిన కొనుగోలుదారును సుప్రీంకోర్టు మధ్యంతర దశలోనే బయటకు పంపింది. దావా నడుస్తుండగా ఎవరు కొన్నా అదే చట్టం సెక్షన్ 52 కింద తీర్పుకు కట్టుబడాల్సిందే.

పాత దస్తావేజు:
నల్లకోటు గారూ, సెక్షన్ 44 గురించి మీరన్నది నిజం. కానీ పార్టిషన్ దావా మనవాళ్లే వేస్తే చేతిలో ఉన్న గట్టి ఆయుధం పోతుంది. 1893 పార్టిషన్ చట్టం సెక్షన్ 4 ప్రకారం, నివాస గృహంలో వాటా కొన్న బయటివాడు భాగం కోరుతూ దావా వేస్తే, కుటుంబ సభ్యుడు "ఆ వాటా నేనే కొంటాను" అనొచ్చు. కోర్టు విలువ కట్టించి ఆ కుటుంబ సభ్యుడికే అమ్మిస్తుంది, కొన్నవాడు కాదనలేడు. చిక్కల్లా "దావా వేస్తే" అన్న చోటే ఉంది. గౌతమ్ పాల్ కేసులో (2000) సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: మనం వేసిన దావాలో అతను ఊరికే ప్రతివాదిగా కూర్చుంటే సెక్షన్ 4 వర్తించదు, తన భాగం విడదీయమని అతనే అడగాలి. ఘంటేశ్వర్ ఘోష్ కేసు (1996) కాస్త వెసులుబాటు ఇచ్చింది. డిక్రీ అమలు దశలో అతను తన వాటా స్వాధీనం కోరినా, దావా వేసినట్టే లెక్క.

ఇంకో మాట. 30 అడుగుల ముఖం నాలుగు ముక్కలైతే తలా ఏడున్నర అడుగులు. అందులో మనిషి బతికే ఇల్లు ఏం కడతారు? కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్ వచ్చి టేపు పెట్టి కొలిచి, విభజనకు వీలు కాదని రిపోర్టు ఇస్తాడు. అప్పుడు మాట వేలం వైపు మళ్లుతుంది. పార్టిషన్ చట్టం సెక్షన్ 2 కింద అమ్మకం కోరాలంటే సగం లేదా అంతకు పైగా వాటా ఉండాలి. ఇప్పుడు అతనికి ఉన్నది పావే. ఇంకో పావు కొన్నాడా, సగం చేతికొచ్చి అతనే అమ్మకం అడగగలడు.

ఈసీ చూడండి:
ఇద్దరూ గడువు సంగతి వదిలేశారు. ఇది తండ్రి స్వార్జితం, పిల్లలంతా క్లాస్ 1 (మొదటి వరస) వారసులు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 22 నేరుగా వర్తిస్తుంది. ఒక వారసుడు తన వాటా అమ్మదలిస్తే మిగతా వారసులకు ముందుగా కొనే హక్కు ఉంది. వాళ్లకు చెప్పకుండా అమ్మేశాడు కాబట్టి కొన్నవాణ్ని, అమ్మినవాణ్ని ఇద్దర్నీ చేర్చి దావా వేయాలి. ముందు కొనుగోలు దావాకు కాలపరిమితి చట్టం ఆర్టికల్ 97 ప్రకారం ఒక్క ఏడాది. స్వాధీనం ఇవ్వడానికి వీల్లేని అవిభక్త వాటాకు రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్క. నాలుగు నెలలు పోయాయి, మిగిలినవి ఎనిమిదే. వాణ్నే వేయనివ్వండి అంటూ కూర్చుంటే ఈ హక్కు చచ్చిపోతుంది.

కాబట్టి పార్టిషన్ కాకుండా సెక్షన్ 22 దావా వేసి, అందులోనే సెక్షన్ 44 ఇంజంక్షన్ కలపండి. విడివిడిగా వేస్తే రెండోదానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 2 రూల్ 2 (ఒకే కారణం మీద కోరాల్సినవన్నీ ఒకే దావాలో కోరాలన్న నియమం) అభ్యంతరం ఎదురవుతుంది. సెక్షన్ 4 హక్కు చెక్కుచెదరదు, అతను ఎప్పుడు భాగం అడిగితే అప్పుడు వాడుకోవచ్చు. ధర కుదరకపోతే కోర్టే నిర్ణయిస్తుంది. అయితే కొంటానని కోర్టుకెక్కి చివర్లో వెనక్కి తగ్గితే ఖర్చులన్నీ మన మీదే పడతాయి, డబ్బు సిద్ధంగా ఉంటేనే దిగండి.

పెంకుటిల్లు:
అన్నదమ్ములు, అక్క అందరూ వేయాలా? అమెరికా నుంచి అక్క రాలేరు.

ఈసీ చూడండి:
కొనదలిచినవారు ఒక్కరు వేసినా చాలు, మిగతావాళ్లను ప్రతివాదులుగా చేర్చవచ్చు. కానీ ఇద్దరు విడివిడిగా కొంటామంటే ఎక్కువ ధర ఇచ్చినవారికే ప్రాధాన్యం. సెక్షన్ 4లోనూ అదే పద్ధతి. అంటే తోబుట్టువులు పోటీ పడితే లాభపడేది కొన్నాయనే. ఎవరు కొనాలో, ఎవరు ఎంత పెట్టాలో ముందే కాగితం మీద రాసుకోండి. అక్క గారు అక్కడ నోటరీ ముందో, మన కాన్సులేట్‌లోనో పవర్ ఆఫ్ అటార్నీ సంతకం చేసి పంపాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి. ప్లెయింటు (దావా పత్రం), వకాల్తా మీద ఆ పవర్ పొందిన ఏజెంటు సంతకం చెల్లుతుంది. ఆమెకు స్వయంగా తెలిసిన విషయాల మీద మాత్రం ఏజెంటు సాక్ష్యం చెప్పలేడు.

పాత దస్తావేజు:
సెక్షన్ 22 సంగతి ఒప్పుకుంటాను, గడువు ఉండగా అదే మొదటి అడుగు. అయితే సెక్షన్ 44కీ సెక్షన్ 4కీ అది "నివాస గృహం" అయి ఉండాలి. పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు చిరునామా, వంటిల్లూ పూజగదీ కనబడే ఫొటోలు ఇప్పుడే పోగు చేయండి. మరమ్మతు పేరుతో కూల్చకండి. ఖాళీ స్థలం మిగిలితే వాదన నీరుగారిపోతుంది. కొన్నాయన మున్సిపాలిటీలో పావు వాటాకు పేరు మార్పిడి అడుగుతాడు. అది హక్కు ఇవ్వదు, కానీ స్వాధీనంలో ఉన్నానని చెప్పడానికి వాడుకుంటాడు. రాతపూర్వక అభ్యంతరం ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి.

ఇంజంక్షన్ వచ్చాక అతని డబ్బు అందులో ఇరుక్కుంటుంది, చాలామంది రాజీకి వచ్చేది అప్పుడే. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఆ రాజీలోనే వాటాను తిరిగి రాసిచ్చే అమ్మకం దస్తావేజుకు తేదీ పెట్టించి, రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని అవార్డు ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) కనబడదు, రేపు కొనేవాడు దాన్నే ఎత్తి చూపుతాడు.

నల్లకోటు:
నేను ఒక్క విషయంలో మెత్తబడను. సెక్షన్ 22 దావా ఆ పావు వాటాకే పరిమితం. మూడో అబ్బాయి కూడా అమ్మే ఆలోచనలో ఉంటే అతని వాటా సెక్షన్ 52 పరిధిలోకి రాదు. పార్టిషన్ దావా అయితే ఇల్లంతా దాని కిందికి వస్తుంది. ముందు మూడో అబ్బాయి మనసులో ఏముందో తెలుసుకోండి. అతను ఊగిసలాడుతుంటే పార్టిషన్ దావా వేయడమే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఈసీ చూడండి:
అంత భయం ఉంటే దావా కన్నా అతని వాటా కుటుంబంలోనే ఎవరో ఒకరు ఇప్పుడే కొనేయడం మంచిది. ఆ దస్తావేజు ఖర్చు ఏళ్ల తరబడి నడిచే దావా ఖర్చు ముందు ఎంత?