పాత రేకు బోర్డులకు వానాకాలం చెమ్మ తగలకుండా దాచడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది కాకినాడ. పాత కిరాణా కొట్టు తాలూకు ప్రకటన బోర్డులు మా దగ్గరున్నాయి. రంగు వేసిన ఇనుప రేకువి ఐదు, పింగాణీ పూత ఉన్న బర్మా షెల్ (పాత పెట్రోల్ కంపెనీ) బోర్డు ఒకటి. అన్నిటికంటే పెద్దది 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. న్యూస్‌పేపర్ చుట్టి, పైన పాలిథిన్ కవరు బిగించి అటక మీద పెట్టాం. ఇప్పుడు తీసి చూస్తే మేకుల బెజ్జాల చుట్టూ రంగు పొంగింది. ఒకదానికి కాగితం అతుక్కుపోయింది. గోడకు తగిలించే వీలు ఇప్పట్లో లేదు. దేంతో చుట్టాలి, ఎక్కడ పెట్టాలి?

జవాబు 1:
ముందు ఆ పాలిథిన్ విప్పేయండి. గాలి 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమతో ఉంటే 26 డిగ్రీలకు చల్లబడిన రేకు మీద నీరు పడుతుంది. స్లాబు కింద అటక పగలు కాగి, తెల్లవారేసరికి చల్లబడుతుంది. బిగించిన కవరులో పట్టిన నీరు బయటికి పోలేదు, న్యూస్‌పేపర్ దాన్ని పీల్చుకుని రంగుకే అంటించి ఉంచుతుంది. పైగా ఆ కాగితానికి ఆమ్ల గుణం ఉంటుంది.

మీ ఊళ్లో అసలు శత్రువు ఉప్పు. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో తేమ 33 శాతం దాటగానే నీరు లాగడం మొదలుపెడుతుంది. అంటే మనకు ఎండగా అనిపించిన రోజున కూడా బెజ్జం అంచున రేకు తడిగానే ఉంటుంది. ఉప్పు కడగకుండా ఎంత మంచి పెట్టెలో పెట్టినా తుప్పు రంగు కింద పాకుతూనే పోతుంది. రంగు మీద సన్నటి దారాల్లాంటి గీతలు పొంగి కనిపిస్తే అదే.

జవాబు 2:
కడగడం గురించి. రంగు పెచ్చులు లేస్తున్న చోట నీళ్లు అసలు పెట్టకండి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి వదిలేయండి. రంగు గట్టిగా ఉన్నచోట లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కలు గాఢత లేని లిక్విడ్ సోప్ కలిపి, దూదిని పిండి ఒక మూల తుడిచి చూడండి. దూదికి రంగు అంటితే ఆపేయండి. అంటకపోతే అరచేయంత మేర చొప్పున తుడుస్తూ, వెంటనే సోప్ లేని డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి, పొడిగుడ్డతో అద్దండి. బోరు నీళ్లు వాడితే మళ్లీ ఉప్పు పూసినట్టే.

ఆరబెట్టేటప్పుడు అంచు మడత నోరు కిందికి ఉండేలా నిలబెట్టండి. ఆ మడతలో చిక్కిన నీరే నెల తర్వాత ఎర్రటి చారగా బయటపడుతుంది. ఒక రోజంతా ఫ్యాను గాలి తగలనివ్వండి, ఎండలో వద్దు. రేకు, రంగు ఒకే తీరున సాగవు కాబట్టి పెచ్చులు పెరుగుతాయి.

అతుక్కున్న కాగితాన్ని లాగకండి. కింద రంగు గట్టిగా ఉంటే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన దూదిని కొద్ది నిమిషాలు ఉంచి, అంచు నుంచి రేకుకు ఆనించినట్టే మెల్లగా తీయండి.

ఒక జాగ్రత్త: బర్మా షెల్ 1976లో జాతీయం అయింది కాబట్టి ఆ బోర్డు అంతకు ముందుదే. మిగతావీ ఆ కాలానివే అయితే రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. గరుకు కాగితంతో రుద్దకండి, చేతులకు గ్లోవ్స్ వేసుకోండి.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. చింతపండుతో తుప్పు పోతుందంటున్నారు. కొబ్బరినూనె రాసి, అల్మారాలో వేలాడదీసే తేమ పీల్చే డబ్బా పక్కన పెడితే సరిపోతుందా?

జవాబు 2:
మూడూ వద్దండీ. చింతపండు పులుపు తుప్పుతో పాటు రంగు అంచునూ తింటుంది, పగుళ్లలో మిగిలి కొత్త తుప్పు పుట్టిస్తుంది. పింగాణీ పూత మీద కూడా పులుపు పెడితే మెరుపు చచ్చిపోతుంది. కొబ్బరినూనె దుమ్ము పట్టి జిగురుగా మారుతుంది. ఆ డబ్బాల్లో చాలావాటిలో ఉండేది కాల్షియం క్లోరైడ్. అది కరిగి ఉప్పునీరుగా అడుగున చేరుతుంది, ఒలికితే బోర్డుకు నేరుగా ఉప్పునీరే.

రంగు గట్టిగా ఉన్న బోర్డుకు మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ (పెట్రోలియం నుంచి తీసే ఒక రకం మైనం) పల్చగా ఒక పూత చాలు. ముందు మూలలో పరీక్షించండి, ఎందుకంటే అందులోని ద్రావకం కొన్ని పాత రంగులను మెత్తబరుస్తుంది. బెజ్జాల అంచులకు, వెనక వైపుకు తప్పక పట్టించండి.

జవాబు 3:
దాచే చోటు విషయానికొస్తే, అటక మానేయండి. లోపలి గదిలో, బయటి గోడకు జానెడు ఎడంగా, నేలకు అర అడుగు ఎత్తున స్టాండు పెట్టి, పుస్తకాల్లా నిలువుగా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగుదాని రంగు పైదానికి అంటుకుంటుంది. మధ్యలో తెల్లటి పాలిథిలిన్ ఫోమ్ షీట్ పెట్టండి, రంగు వైపు సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్ ఉంచండి. బబుల్ రాప్ గుండ్రటి మచ్చలు వేస్తుంది, పీవీసీ షీట్ రంగుకు అతుక్కుంటుంది. స్టాండుకు పౌడర్ కోటింగ్ వేసిన ఇనుము మంచిది. కొత్త ప్లైవుడ్ ఆమ్ల ఆవిరి వదులుతుంది.

జవాబు 1:
స్టాండు సరే గానీ, కాకినాడలో జులై నుంచి నవంబరు దాకా తెరిచిన స్టాండు చాలదు. చిన్న బోర్డులను బిగుతు మూత ఉన్న 60 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో, 1 కిలో సిలికా జెల్‌తో (తేమ పీల్చే గుళికలు) పెట్టాలి. 50 గ్రాముల సంచులు రెండు వేస్తే కొద్ది రోజుల్లోనే నిండిపోతాయి. నారింజ రంగు గుళికలు కొనండి. అవి తేమతో నిండి ఆకుపచ్చగా మారాక పల్చగా పరిచి, 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. సంచి రేకుకు తగలకూడదు.

జవాబు 3:
ఒప్పుకుంటాను, కానీ లోపల హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచే మీటర్) లేకుండా మూత బిగించకండి. జెల్ నిండాక ఆ డబ్బా మీ పాత పాలిథిన్ కవరు లాంటిదే. లోపల తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. చౌక హైగ్రోమీటర్లు అబద్ధం చెప్తాయి కాబట్టి ముందు సరిచూడండి: సీసా మూతలో చెంచా ఉప్పు, తడి ఇసుకలా అయ్యేటన్ని నీటి చుక్కలు. దాన్ని, మీటర్‌ని ఒక జిప్ కవరులో పెట్టి 12 గంటలు ఉంచితే 75 చూపించాలి. 70 చూపిస్తే ఎప్పుడూ 5 కలుపుకోండి.

పెద్ద బోర్డుకు డబ్బా దొరకదు. గదిలోనే డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) పెట్టి తేమ 50 శాతం లోపు ఉంచడం తేలిక. ఏసీ గదిలో ఉంచితే మాత్రం బయటికి తెచ్చేముందు పాలిథిన్‌తో కప్పి తెచ్చి, రేకు బయటి వేడికి వచ్చేదాకా విప్పకండి. లేదంటే అన్ని నెలలు కాపాడిన రేకుకు ఐదు నిమిషాల్లో చెమట పట్టేస్తుంది.